అదే బీటెక్, ఒకలకు అప్పు సున్నా, ఇంకొకలకు 8 లక్షలు – ఇదేం లెక్క?

పర్కాల_నాయిన
మా బిడ్డకు ఎంసెట్‌ల 31 వేల ర్యాంకు వచ్చింది. మేం బీసీ. ఊళ్లె జరంత పత్తి చేను, పర్కాలల చిన్న దుకాణం. హన్మకొండ దగ్గర ఒక కాలేజీల కన్వీనర్ సీటు (గవర్నమెంట్ కౌన్సెలింగ్‌ల ర్యాంకును బట్టి ఇచ్చేది), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చేటట్టున్నది. ఆమెకేమో సీఎస్ఈ (కంప్యూటర్స్) నే కావాల్నట, హైదరాబాద్‌ల మేనేజ్‌మెంట్ సీటు (కాలేజీ తనే ఇచ్చుకునేది) మాట్లాడుమంటది. బ్యాంకుకు పోతే ఏ కాలేజీ, ఏ కోటా అని అడిగిండ్రు తప్ప పిల్లకు మార్కులెన్ని అని ఒక్కలు అడగలే.

నాకు సమజ్ గాని ముచ్చటేందంటే, మా అన్న కొడుకు ఎన్ఐటీల సదివిండు, రూపాయి అప్పు లేదు. మా చెల్లె బిడ్డ నర్సింగ్ సదివింది, చిన్న లోనే గాని ఇంకా నడుస్తనే ఉన్నది. పక్కింటాయన కొడుకు ప్రైవేట్ల ఎంబీబీఎస్, భూమి అమ్మినా అప్పు మిగిలింది. ఏ సదువుకు, ఎసొంటి కాలేజీకి ఎంతదాక అప్పు తేవచ్చు? ఎరుకున్నోళ్లు జర చెప్పుండ్రి.

ఓరుగల్లు_బీటెక్
సదువును బట్టి కాదన్నా, సీటును బట్టి. నేను, నా రూమ్మేట్ ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి, ఒకే బెంచి. నాకు 10 వేల లోపు ర్యాంకు, కాబట్టి ఫీజంతా గవర్నమెంటే కట్టింది, రీయింబర్స్‌మెంట్ అంటరు గద. వాడిది మేనేజ్‌మెంట్ కోటా, దానికి రీయింబర్స్‌మెంట్ రాదు. నేను బాకీ లేకుండ బయటికొచ్చిన. వాడు ఆరు లక్షల లోనుతోని వచ్చిండు. ఇద్దరికీ క్యాంపస్‌ల ఇచ్చింది ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీనే.

ఊరికే_చదువుత
ఒకే బెంచి అన్నప్పుడు ఈఎంఐ కూడ సగం సగం పంచుకోవాల్సింది.

ఓరుగల్లు_బీటెక్
@ఊరికే_చదువుత పెండ్లికి ఫ్రిజ్ పెట్టిన, లెక్క సరిపోయింది.

బ్యాంకు_పాత_ఆఫీసర్
కరీంనగర్‌లో రిటైరయ్యాను, లోన్ల సెక్షన్‌లోనే ఎక్కువ కాలం పనిచేశాను. పర్కాల సోదరుడు అడిగిన 'ఏ కాలేజీ, ఏ కోటా' అన్న ప్రశ్నకు కారణం చెబుతాను.

4 లక్షల వరకు విద్యా రుణానికి తనఖా లేదు, మీ చేతి వాటా కూడా పెట్టనక్కరలేదు. 4 దాటితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశానికైతే 15 శాతం మీరు పెట్టుకోవాలి. ఏడున్నర లక్షల దాకా తనఖా అడగకూడదు, దానికోసమే కేంద్రం 2015లో క్రెడిట్ గ్యారంటీ నిధి పెట్టింది. ఏడున్నర దాటితే మాత్రం ఆస్తి కాగితాలు కావాలి. ఎన్ఐటీ లాంటి పెద్ద సంస్థలకు చాలా బ్యాంకుల్లో విడిగా పథకాలుంటాయి. వాటిలో వడ్డీ తక్కువ, తనఖా లేకుండా ఇచ్చే పరిమితి ఎక్కువ. అంటే ఎక్కువ సంపాదించబోయేవాడికి చౌకగా, తక్కువ సంపాదించేవాడికి ఖరీదుగా అప్పు దొరుకుతుంది. అన్యాయమే, కానీ బ్యాంకు చూసేది వసూలవుతుందా లేదా అని.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కూడా ఎంపిక చేసిన మంచి సంస్థలకే. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల రుణం దాకా 3 శాతం వడ్డీ రాయితీ. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. అందుకే మీ బ్యాంకు మేనేజరు 'ఏ కోటా' అని అడిగాడు.

మిర్చియార్డు
సార్ చెప్పింది అంతా కాయితం మీది అప్పు. మా ఏనుమాముల (వరంగల్ మార్కెట్ యార్డు) దిక్కు రండ్రి, సదువుల అప్పు ఎక్కడుంటదో చూపిస్త. బ్యాంకుల ఉండది. మార్కెట్ల అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర ఉంటది, బంగారం కుదువ పెట్టిన కాడ ఉంటది, ఎత్తుకున్న చిట్టీల ఉంటది. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. మిర్చి అమ్మినంక కట్టుకుంట అని తెస్తరు. ఆ ఏడు రేటు పడిపోతదాయె.

ఇండ్ల ఏదీ ఎడ్యుకేషన్ లోన్ అని ఎక్కడ రాసుండది. మరి ఏ డిగ్రీకి ఎంత అప్పు అని ఎవలు లెక్కతీస్తరు?

లెక్కల_సార్_నర్సంపేట
@మిర్చియార్డు మంచి మాట పట్టినవ్. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు దగ్గర 9, 10, 11 నడుస్తది. మేనేజ్‌మెంట్ సీటుకు రసీదు లేకుండ అడిగే డొనేషన్ ఉన్నది సూడు, దానికి బ్యాంకు పైసా ఇయ్యది, ఎందుకంటే కాయితం లేదు. ఆ ముక్క మొత్తం మిత్తికే తేవాలె. 2 లక్షల డొనేషన్ తెచ్చినవనుకో, నెలకు 4,000 మిత్తి. నాలుగేండ్లకు లక్షా 92 వేలు మిత్తే కట్టినవ్, అసలు 2 లక్షలు అట్లనే కూసున్నయ్.

బ్యాంకు_పాత_ఆఫీసర్
డొనేషన్ తీసుకోవడం 1983 నుంచీ చట్టప్రకారం నేరం. చెప్పి పెడుతున్నాను, అంతే. అమలు సంగతి మీకు తెలుసు.

గోదావరిఖని_చిన్నోడు
కన్వీనర్ సీటు వస్తే అప్పు ఉండదని ఎవలన్నరు? బీసీలకు 10 వేల ర్యాంకు దాటితే గవర్నమెంట్ ఇచ్చేది 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష ఉన్నదనుకో, 65 వేలు మనమే కట్టాలె. ఆ 35 వేలు కూడ టైముకు పడయి. నా దోస్తుకు కోర్సు అయిపోయినంక కూడ బకాయి రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. నువ్వు కట్టు, గవర్నమెంట్ వేసినప్పుడు వాపసిస్తం అన్నరు. జాబ్‌ల జాయినింగ్ ఉన్నది, ఏం జేస్తడు? వాళ్ల బాపు సింగరేణిల సొసైటీ లోను తీసి కట్టిండు. ఆ వాపస్ ఇంకా రాలే.

ఓరుగల్లు_బీటెక్
@గోదావరిఖని_చిన్నోడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీల మీది కేంద్ర సంస్థ) రూలే ఉన్నది తమ్మీ.

గోదావరిఖని_చిన్నోడు
రూల్ ఉన్నది అన్నా. క్లర్క్ టేబుల్ మీద లేదు.

ఊరికే_చదువుత
2025 నవంబర్‌ల రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలే బంద్ పెట్టినయి. స్ట్రైక్ చేసుడు స్టూడెంట్ల పనుండె, అది కూడ మేనేజ్‌మెంట్ కోటాలకు పోయింది.

పర్కాల_నాయిన
35 వేల ముచ్చట నాకు సక్కగ తెల్వది, మంచిగ చెప్పిండ్రు. ఇంకో డౌట్. ఈపాస్‌కు (రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) ఆదాయం సర్టిఫికెట్ ఊళ్లె ఉండేటోళ్లకు లక్షన్నర లోపు ఉండాలె. బ్యాంకుల ఏమో మీకు కట్టే తాహతు ఉన్నదా, ఐటీ రిటర్నులు తెండ్రి అన్నడు. రెండూ ఎట్ల చూపెట్టాలె?

ఊరికే_చదువుత
పొద్దుగాల పేదోళ్లు, మధ్యాన్నం ఉన్నోళ్లు. తహసీల్ ఆఫీసు, బ్యాంకు ఒకే తొవ్వల ఉంటే అంగి మార్చుకునుడే.

బ్యాంకు_పాత_ఆఫీసర్
నవ్వులాటగా ఉన్నా నిజమే. నిబంధన ప్రకారం ఏడున్నర లక్షల లోపు రుణానికి పిల్ల చదువు, రేపటి ఉద్యోగం చూసి ఇవ్వాలి, తండ్రి సంపాదన చూసి కాదు. బ్రాంచిలో అలా జరగదు. తండ్రి సహ రుణగ్రహీత కాబట్టి ఆయన సిబిల్ (పాత అప్పులు సరిగ్గా కట్టారా అని చెప్పే స్కోరు) చూస్తారు. పంట రుణం బకాయి పడి ఉంటే అక్కడే ఆగుతుంది. ముందు అది సరిచేసుకోండి. నోటిమాటగా అడగవద్దు, విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. అప్పుడు 'లేదు' అనడానికి వాళ్లు కారణం రాయాల్సి వస్తుంది.

ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే ఇంకో వెసులుబాటు ఉంది. వృత్తి, సాంకేతిక కోర్సులకు చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఏడాదీ వడ్డీ కేంద్రమే కడుతుంది. చాలామంది ఆదాయ పత్రం టైముకు ఇవ్వక పోగొట్టుకుంటారు. ఆడపిల్లలకు చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో అర శాతం వడ్డీ తగ్గింపు కూడా ఉంది, అడిగి తీసుకోండి.

సుబేదారి_పెద్దమనిషి
ఇంత లెక్క ఎందుకు. ఆడపిల్లకు లోను తెస్తే రేపు పెండ్లినాడు అల్లుడు అడగడా, అప్పు ఎవలు కడతరని? సుబేదారి ఆర్ట్స్ కాలేజీల డిగ్రీ చదివించు, దోస్త్‌ల (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) పెట్టు, ఫీజు ఏమంత ఉండది. ఆ పైసలు పెండ్లికి పనికొస్తయి.

సిస్టర్_జనగామ
@సుబేదారి_పెద్దమనిషి ఆ పెండ్లికి తెచ్చే అప్పుకు మారటోరియం (కిస్తీ కట్టకుండ ఆగే గడువు) ఉంటదా సార్? నాకు బీఎస్సీ నర్సింగ్‌కు బ్యాంకు లోనే ఉండె. నా లోను నేనే కట్టుకున్న, మా ఆయన అడగలే, నేను చెప్పలే.

పర్కాల అన్న చెల్లె బిడ్డ ముచ్చట నాకు అర్థమైంది కాబట్టి రాస్తున్న. నర్సింగ్ అప్పు చిన్నగనే కనిపిస్తది. రెండున్నర, మూడు లక్షలు. కాని చదువు అయినంక ప్రైవేట్ దవాఖానల మొదలు ఇచ్చింది నెలకు 12 వేలు, నైట్లు వేరే. హైదరాబాద్‌ల హాస్టల్‌కు 6 వేలు పోతే ఈఎంఐకి ఏం మిగులుతది? ఆరు నెలలు కట్టలే. బ్యాంకోళ్లు మా అమ్మకు ఫోన్లు చేసిండ్రు, ఆమెకు కండ్లు కనపడవు, నంబర్ సూడకుండ ఎత్తుడు, ఏడ్సుడు. తర్వాత గవర్నమెంట్ల స్టాఫ్ నర్స్ పోస్టు వచ్చింది కాబట్టి ఒడ్డున పడ్డ. నాతోటి చదివినోళ్ల సిబిల్ ఇప్పటికీ ఖరాబే ఉన్నది. బండి లోను కూడ రాదు.

సుబేదారి ఆర్ట్స్ కాలేజీని ఏం అనట్లే, పేరున్న కాలేజీ. కాని ఆ పిల్ల ఇంజనీరింగ్ అడుగుతుంటే అప్పు భయానికి డిగ్రీకి పంపుడు వేరే ముచ్చట.

డల్లాస్_హన్మకొండ
సిస్టర్ గారి మాటకు ఇక్కడి సంగతి ఒకటి కలుపుతాను. అమెరికాలో ఫెడరల్ విద్యా రుణాలే 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటాయి. తలకు చూస్తే ఎక్కువ అప్పు డాక్టర్లది, లాయర్లది. మెడికల్ కాలేజీ అప్పుతో బయటికొచ్చేవాళ్లలో సగం మందికి 2 లక్షల డాలర్లకు పైనే ఉంటుంది. కానీ ఎగ్గొట్టేవాళ్లలో వాళ్లు తక్కువ. ఐదు, పది వేల డాలర్లు తెచ్చి, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు ఎక్కువ. అందులోనూ లాభం కోసం నడిపే ప్రైవేటు కాలేజీల్లో చదివినవాళ్లే ఎక్కువ, స్టేట్ యూనివర్సిటీల వాళ్లు తక్కువ. అప్పు సైజు కాదు, చేతిలో డిగ్రీ ఉందా, దానికి జీతముందా అన్నదే ముంచేది.

ఇంకో తేడా ఉంది. ఇక్కడ ఫెడరల్ రుణానికి జీతాన్ని బట్టి నెలసరి కట్టే పద్ధతి ఉంది. మన దగ్గర 12 వేల జీతానికీ, లక్ష జీతానికీ ఈఎంఐ అదే.

మిర్చియార్డు
@డల్లాస్_హన్మకొండ మనదిక్కు పోరలు అక్కడికి ఎమ్మెస్‌కు పోతున్నరు గద, వాళ్ల కత చెప్పన్నా. మా గల్లీల ముగ్గురు పోయిండ్రు, మూడు ఇండ్లు బ్యాంకుల ఉన్నయి.

డల్లాస్_హన్మకొండ
అదే పెద్ద లోను మనోళ్లకు. చాలామందిది 30, 40 లక్షలు. 40 లక్షలు 11 శాతానికి పదేళ్లలో కట్టాలంటే నెలకు 55 వేలు. డాలర్ జీతమొస్తే రెండు మూడేళ్లలో కొట్టేయొచ్చు, నేను అట్లే కొట్టేశాను. రాకపోతే అదే 55 వేలు హైదరాబాద్ జీతంలోంచి కట్టాలి. చదువయ్యాక ఏడాది ఓపీటీ, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి. స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్ లాంటి) కోర్సైతే ఇంకో రెండేళ్లు. ఆ మూడేళ్లలో లాటరీలో హెచ్1బీ ఉద్యోగ వీసా తగలాలి. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అన్నాక చిన్న కంపెనీలు ఇంకా భయపడుతున్నాయి. నేను వచ్చిన రోజులు చూసి ఎవరూ లెక్కలు వేసుకోవద్దు.

బీసీ పిల్లలకు జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విద్యానిధి ఉన్నాయి, 20 లక్షల దాకా. అది అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. ముందు దానికి పెట్టి, రాకపోతేనే బ్యాంకుకు పోండి.

ఎంజీఎం_నైట్‌డ్యూటీ
ఎంబీబీఎస్ గురించి నేను చెబుత. కేఎంసీల (వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ, గవర్నమెంట్‌ది) నాది ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. మొత్తం చదువుకు కట్టింది మా తమ్ముడు ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీల కట్టినదానికన్నా తక్కువ. ప్రైవేట్ కాలేజీల కన్వీనర్ సీటైతే 60 వేలు. అదే కాలేజీ, అదే క్లాసు, బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) అయితే ఏడాదికి 11 లక్షల పైన. సీ కేటగిరీ (ఎన్ఆర్ఐ కోటా) దానికి డబుల్ దాక. ముగ్గురం ఒకే పరీక్ష రాస్తం, ఒకే డిగ్రీ. నీట్‌ల కొన్ని మార్కుల తేడా 55, 60 లక్షల తేడా అయితది.

పక్కింటాయన కొడుకు గురించి అన్న రాసిండు గద. ఎంబీబీఎస్ అయిపోంగనే సంపాదన మొదలు కాదు. హౌస్ సర్జన్ స్టైపెండ్ మొత్తం పెట్టినా ఆ లోను ఈఎంఐకి సరిపోదు. పీజీ సీటు కోసం ఒకటి రెండేండ్లు ఇంట్ల కూసుండి చదువుతరు, ఆ టైముకు మారటోరియం అయిపోతది. అందుకే బీ కేటగిరీ అప్పు చాలావరకు పిల్లగాడు కట్టడు, భూమి కడతది.

ఊరికే_చదువుత
జార్జియా, కిర్గిజ్‌స్తాన్‌ల ఎంబీబీఎస్ చదివిన బ్యాచ్ ఎవలన్న ఉన్నరా ఇక్కడ?

ఎంజీఎం_నైట్‌డ్యూటీ
ఉంటరు, కాని ఎఫ్ఎంజీఈ (బయటి దేశంల డాక్టర్ చదివినోళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) చదువుకుంట ఉంటరు, రాసే టైముండది. అది పాసయితేనే ఇక్కడ ప్రాక్టీస్, ఎక్కువ మంది మొదటిసారికి పాస్ కారు. ఆ లోనుకు మిత్తి మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతది.

పర్కాల_నాయిన
డాక్టర్ల ముచ్చట మనకు అందేది కాదు. బీటెక్ లెక్క ఎవలన్న సాఫ్‌గ చెప్పుండ్రి. లెక్కల సార్, మీరే చెప్పాలె.

లెక్కల_సార్_నర్సంపేట
రాసుకో. చదివేటప్పుడు మిత్తి కట్టకుంటే ఎట్ల పెరుగుతదో ఎవలు చెప్పరు, అదే చెప్త.

మేనేజ్‌మెంట్ సీటు, ఏడాదికి లక్షన్నర బ్యాంకు ఇచ్చిందనుకుందాం. నాలుగేండ్లకు 6 లక్షలు. పది శాతం మిత్తి. చదువు నాలుగేండ్లు, తర్వాత ఏడాది ఆగుతరు. మొదటేడు తెచ్చిన లక్షన్నరకు అయిదేండ్ల మిత్తి 75 వేలు, రెండో దానికి 60, మూడో దానికి 45, నాలుగో దానికి 30. మొత్తం 2 లక్షల 10 వేలు. మొదటి ఈఎంఐ కట్టే రోజు నీ బిడ్డ బాకీ 6 లక్షలు కాదు, 8 లక్షల 10 వేలు. పదేండ్ల కిస్తీ అంటే నెలకు 10,700. మొత్తం కట్టేది 12 లక్షల 84 వేలు. డొనేషన్ మిత్తి దీంట్ల కలపలే. హైదరాబాద్ హాస్టల్ కలపలే.

కన్వీనర్ సీటు, లక్ష ఫీజు, 35 వేలు గవర్నమెంట్ పోను ఏడాదికి 65 వేలు. నాలుగేండ్లకు 2 లక్షల 60 వేలు, మిత్తి కలిస్తే 3 లక్షల 51 వేలు. ఏడేండ్లల్ల కడితే నెలకు 5,800 చిల్లర. 4 లక్షల లోపే కాబట్టి పాత ఆఫీసర్ సార్ చెప్పినట్టు చేతి వాటా, తనఖా ఏం లేవు. కేంద్రం మిత్తి రాయితీ వస్తే 3 లక్షల 51 వేలు కాదు, 2 లక్షల 60 వేలే.

3.6 ప్యాకేజీ అంటే చేతికొచ్చేది 25, 26 వేలు. అందుల 10,700 పోయినా బతకొచ్చు, 5,800 పోయినా బతకొచ్చు. కాని ఏడాది జాబ్ లేకుంటే ఏది కట్టగలుగుతవో నువ్వే చూసుకో.

ఓరుగల్లు_బీటెక్
సార్ లెక్క కరెక్టే గాని ఒక మాట. సీఎస్ఈ కావాలె అన్న పిల్లను ఈసీఈల కూసోబెట్టి నాలుగేండ్లు మూతి ముడిపిస్తే? నా క్లాసుల అట్ల బ్యాక్‌లాగులు పడ్డోళ్లు ఉన్నరు. డల్లాస్ అన్న చెప్పినట్టు డిగ్రీ చేతికి రాకుంటే చిన్న అప్పు కూడ పెద్దదే.

లెక్కల_సార్_నర్సంపేట
@ఓరుగల్లు_బీటెక్ ఒప్పుకుంట. కాని ఈసీఈ సదివినోళ్లు సాఫ్ట్‌వేర్‌ల లేరా? మీ ఆఫీసుల లెక్కపెట్టు.

ఓరుగల్లు_బీటెక్
మా టీమ్‌ల తొమ్మిది మందిల ముగ్గురు ఈసీఈ, ఒకడు సివిల్. సరే, ఓడిపోయిన.

గోదావరిఖని_చిన్నోడు
ఇంటర్ చదివే పిల్లలకు కాదు గాని, పదో తరగతి పిల్లలున్న ఇండ్లకు ఒకటి చెప్త. నేను పాలీసెట్ రాసి గవర్నమెంట్ పాలిటెక్నిక్‌ల డిప్లొమా చేసిన, తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్ల ఎంట్రన్స్) తోని సీదా సెకండియర్ బీటెక్‌ల చేరిన. ఒక ఏడాది ఫీజు తప్పింది, ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీకి పోసే లక్షలు తప్పినయి. లోన్ 2 లక్షలు కూడ దాటలే. మా ఖని దిక్కు ఈ తొవ్వల పోయినోళ్లు మస్తుమంది.

సిస్టర్_జనగామ
ఇంటర్ ముచ్చట మంచిగ గుర్తుచేసినవ్ తమ్మీ. దానికి బ్యాంకులు లోను ఇయ్యయి. ఇండ్లల్ల మొదటి అప్పు ఆడనే పుడుతది, డిగ్రీ కన్న ముందుగాలనే.

మిర్చియార్డు
అక్క చెప్పింది కరెక్ట్. మా యార్డుల అడ్తి బుక్కు తీస్తే ఇంటర్ బాకీలే ఎక్కువ కనపడతయి.

పర్కాల_నాయిన
మా బిడ్డకు ఇదంతా చదివి వినిపించిన. 12 లక్షల 84 వేల కాడ ఆగి, సార్ లెక్క మళ్ల వేసి చూసుకున్నది, సరిగనే వచ్చిందట. ఈసీఈల చేరి సీఎస్ఈ సబ్జెక్టులు మైనర్‌గ తీసుకోవచ్చా అని కాలేజీల అడిగొస్త అన్నది. కౌన్సెలింగ్‌ల సెకండ్ ఫేజ్ దాక ఆప్షన్లు పెడుతది, సీఎస్ఈకి దగ్గరి బ్రాంచి ఏదన్న వస్తదేమో సూస్తం. మేనేజ్‌మెంట్ ముచ్చట పక్కకు పెట్టినం.

ఒక్కటే డౌట్ మిగిలింది. రేపు పీజీకి పెద్ద లోను కావాల్సొస్తే తనఖాకు మా చేను పాస్‌బుక్ నడుస్తదా?

బ్యాంకు_పాత_ఆఫీసర్
విద్యా రుణానికి వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు. ఇల్లు, ఫ్లాటు, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు, లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే తీసుకుంటాయి. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కడుతూ పోతే చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి, దుకాణం ఉంది కాబట్టి అది మీకు పనికొస్తుంది.

పర్కాల_నాయిన
మాకు ములుగు రోడ్డుల ఒక ప్లాటున్నది సార్, పంచాయతీ లేఅవుట్.

బ్యాంకు_పాత_ఆఫీసర్
ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు) కట్టారా?

పర్కాల_నాయిన
లే.

బ్యాంకు_పాత_ఆఫీసర్
కట్టకపోతే బ్యాంకు లాయరు మొదటి పేజీలోనే ఆపేస్తాడు. పీజీకి ఇంకా నాలుగేళ్లుంది, ముందు ఆ పని చేయించండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు) కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి. చాలామందికి 30 ఏళ్ల లింకు దొరక్కనే లోను ఆలస్యమవుతుంది.